పేరు చెప్పొద్దన్న సహోదరుడు

ఆ ఆదివారం పొద్దున ధనరాజ్ పెట్టుకున్న కార్యక్రమం చాలా చిన్నది. చర్చికి వెళ్ళకూడదు. మంచం మీద పడుకుని, ఎక్కడో పెద్ద ఊళ్ళో జరిగే ఆరాధన ఫోనులో చూడాలి. అది అయ్యాక కోడికూర వండుకుని తినాలి. తిన్నాక నిద్రపోవాలి. ఇందులో ఎవరికీ నష్టం లేదు, ఎవరి సాయమూ అక్కర్లేదు. అక్కర్లేని సాయం ఎంత దూరం నుంచి వెతుక్కుంటూ వస్తుందో అతనికి అప్పటికింకా తెలియదు.

కొత్తవలస స్టేషనుకి అవతలి వైపు ధనరాజ్‌కి మిక్సీలు, ఫ్యాన్లు బాగుచేసే దుకాణం ఉంది. అది మామూలు రోజుల సంగతి. ఆదివారం వస్తే అతను డోలక్ ధనరాజ్. ఆ సంఘంలో పాటంటే ఏళ్ళ తరబడి రెండు చాపల మధ్య నడిచే వ్యవహారం. ఒక చాప మీద కీబోర్డు పెట్టుకుని జగన్నాధం పాడతాడు, పక్క చాప మీద ధనరాజ్ వాయిస్తాడు. చుట్టరికం ఏమీ లేకపోయినా ఒకరినొకరు బావా అంటే బావా అనుకునేవాళ్ళు. జగన్నాధం బడిలో లెక్కలు చెబుతాడు. పాటని కూడా ఒక్కొక్క మెట్టూ బోర్డు మీద వేసి చూపిస్తున్నంత నింపాదిగా పాడతాడు. ధనరాజ్ చేతులకి అంత ఓపిక లేదు.

వచ్చే ఆదివారం సంఘం వార్షికోత్సవం. విజయనగరం నుంచి అతిథులు వస్తారని గురువారం సాయంత్రం పాటల సాధన పెట్టారు. మూడో పాట మధ్యలో జగన్నాధం కీబోర్డు ఆపేశాడు.

"బావా, నివ్వు డోలక్ వాయిస్తన్నావా, రైలు తోల్తన్నావా? సంఘమంతా ప్లాట్‌ఫారం మీదే ఉండిపోనాది."

అందరూ నవ్వారు. ధనరాజ్‌కి ఎక్కడో కాలింది.

"నీ పాట గూడ్సు బండి. సిగ్నలిచ్చినా కదల్దు" అనేసి, డోలక్ భుజాన వేసుకుని ఇంటికి వచ్చేశాడు. వాడొచ్చి అడిగితేగాని వెళ్ళకూడదని పట్టు పట్టాడు. వాడు రాలేదు, ఫోనూ చెయ్యలేదు. అతిథుల ముందు పాట ఏమవుతుందోనన్న బెంగ ధనరాజ్‌కి ఉంది. అంతకంటే పెద్ద బెంగ, ఇన్నేళ్ళ స్నేహం ఒక్క పాటకే తెగిపోయిందా అన్నది. ఆ బెంగనీ డోలక్‌నీ కలిపి మంచం కిందకి తోసేశాడు.

భార్య కుసుమకుమారి చెల్లెలి పురుడని రాజాం వెళ్ళింది. పొద్దున్నే ఫోను చేసి, "సర్చికి బయల్దేరినావా?" అని అడిగింది.

"ఇదిగో, ఎల్తన్నాను" అన్నాడు ధనరాజ్ దుప్పటి సర్దుకుంటూ.

ఫోనులో ఆరాధన బాగానే మొదలైంది. కాసేపటికి ఆ బోధకుడు, "మీ పక్కనున్న వారి చెయ్యి పట్టుకుని వందనాలు చెప్పండి" అన్నాడు. ధనరాజ్ అటూ ఇటూ చూశాడు. ఒక పక్క గోడ, ఇంకో పక్క తలగడ. మంచం కిందకి వంగి డోలక్‌కి వందనాలు చెప్పి, ఎవరైనా చూశారేమోనని కిటికీ వైపు చూశాడు. ఇంతలో ఫోనులో బొమ్మ ఆగిపోయి, చిన్న చక్రం గిర్రున తిరగడం మొదలెట్టింది. ఇక లాభం లేదని లేచి, ఉల్లిపాయలు తరగడానికి కూర్చున్నాడు.

సరిగ్గా అప్పుడే చర్చిలో పాస్టరు గిరిబాబుగారు ప్రార్థన మనవులు చెబుతున్నారు. ఆ సంఘంలో ఒక పద్ధతి ఉంది. కష్టం బయటపెట్టడానికి మొహమాటపడేవాళ్ళు పాస్టరుగారి చెవిలో వేస్తారు. ఆయన పేరు తియ్యకుండా సంఘానికి చెబుతారు. సంఘం ఆ పేరులేని మనిషి కోసం ప్రార్థిస్తుంది. పద్ధతి మంచిదే. ఎవరై ఉంటారా అని ఆలోచించకుండా ఉండటమే కష్టం.

"మన సహవాసంలో ఒక సహోదరుడు చాలా వేదనలో ఉన్నాడు" అన్నారు పాస్టరుగారు. "రాత్రిళ్ళు నిద్ర లేదు. అన్నం సహించడం లేదు. తన పేరు చెప్పొద్దన్నాడు. ఎవరని అడక్కండి. ప్రార్థన చెయ్యండి."

అందరూ కళ్ళు మూసుకున్నారు. ఆ వెంటనే అందరూ ఒక కన్ను తెరిచారు. మామూలుగా ఇలాంటప్పుడు ఎవరు ఎక్కువ ముక్కు చీదితే ఆ మనిషేనని తేల్చుకుంటారు. ఆవేళ అంత శ్రమ అక్కర్లేకపోయింది. కీబోర్డు పక్క చాప ఖాళీగా ఉంది. మనిషీ లేడు, డోలకూ లేదు. ఆ చాప వైపు చూడనివాడు జగన్నాధం ఒక్కడే. అతను కళ్ళు గట్టిగా మూసుకుని కూర్చున్నాడు.

ఆరాధన ముగిసి, బయట చెప్పులు వెతుక్కునే చోట సంగతి తేలిపోయింది. డోలక్ కనబడలేదంటే అమ్మేసి ఉంటాడన్నారు ఒకరు. కుసుమకుమారి కూడా రాలేదంటే మొగుణ్ణి వదిలేసి ఉంటుందన్నారు ఇంకొకరు. స్త్రీల సమాజం పెద్ద బుల్లమ్మ అందరినీ ఊరుకోమంది.

"అయ్యేటీ కాదు. ఒంట్లో ఏదో ఉన్నాది. మొన్న టీ ఇస్తే పంచదార ఒద్దన్నాడు."

సంఘపెద్ద సోములు ఒక్కమాట గట్టిగా చెప్పాడు. "పేరు సెప్పొద్దన్నాడు కాబట్టి, మనకి తెలుసునని ఆడికి తెలీకూడదు. ఊరికే సూడ్డానికొచ్చినట్టు ఎల్లాలి. కష్టం మాట ఎవులూ ఎత్తకండి." అందరూ సరేనన్నారు. ఆ పూట జరిగిన అనర్థమంతా ఈ మర్యాద వల్లనే జరిగింది.

ముందు సోములే వెళ్ళాడు, ఒక బ్రెడ్డు పొట్లం, నాలుగు యాపిల్ పళ్ళు పట్టుకుని. ధనరాజ్ తలుపు తీశాడు. ఒక చేతిలో కత్తి, కళ్ళనిండా నీళ్ళు. ఉల్లిపాయలు వంటింట్లో ఉన్నాయి, సోములుకి కనబడవు.

"వందనాలు తమ్ముడూ" అని సోములు ముందుగా కత్తి మెల్లిగా తీసుకుని కిటికీ మీద పెట్టాడు. తర్వాత ధనరాజ్‌ని గట్టిగా కౌగలించుకున్నాడు.

చర్చికి రానందుకు నిలదీయడానికి వచ్చాడనుకున్నాడు ధనరాజ్. "రేత్రి నిద్దర పట్నేదన్నా. అందుకే..." అని సంజాయిషీ మొదలెట్టాడు.

సోములు కిటికీ మీది కత్తిని ఇంకాస్త దూరం జరిపాడు. "అన్నం తిన్నావా?"

"నేదన్నా."

"కుసుమమ్మ ఏదీ?"

"రాజాం ఎల్లిపోనాది."

"సరే. సరే తమ్ముడూ." సోములు చేత్తో కళ్ళు తుడుచుకున్నాడు.

సోములు ముఖం చూసి ధనరాజ్‌కి సిగ్గేసింది. ఒక్క ఆదివారం మానేస్తే పెద్దమనిషి కన్నీళ్ళు పెట్టుకోవడమేమిటి? "తప్పు నాదే అన్నా. ఇంకెప్పుడూ సెయ్యను."

"ఆ మాట నాకు కాదు, దేవుడికి సెప్పు" అని సోములు బ్రెడ్డు అతని చేతిలో పెట్టి, బయటికి వచ్చి బుల్లమ్మకి ఫోను చేశాడు. "నిజమే పిన్నీ. కత్తి కూడా పట్టుకున్నాడు. బేగి రండి."

బుల్లమ్మ రావడం ఒక్కతే రాలేదు. స్త్రీల సమాజం తెల్లచీరలన్నీ ఆమె వెనక వచ్చాయి. అందరికంటే ముందు ఒక బియ్యం మూట వచ్చింది. దాన్ని చూడగానే ధనరాజ్ చేతిలో బ్రెడ్డు పొట్లం కింద పెట్టేశాడు.

ఆ మూట సంగతి అతనికి బాగా తెలుసు. సంఘంలో ప్రతి ఇంటా ఎసట్లో బియ్యం పోసేముందు ఆడవాళ్ళు ఒక పిడికెడు తీసి పక్కన డబ్బాలో వేస్తారు. అవన్నీ చర్చిలో పోగుచేసి, కూలబడిపోయిన ఇంటికి పంపిస్తారు. కాలు విరిగినవాడికి, భర్త పోయినావిడకి, ఇల్లు కాలినవాళ్ళకి. అలాంటి మూటని తన స్కూటరు మీద పెట్టుకుని ఎన్నో ఇళ్ళకి చేరవేసినవాడు ధనరాజ్. ఊరికే ఎవరింటికీ అది వెళ్ళదు. ఇప్పుడది తన వంటింట్లో కూర్చుంది.

"అత్తా, నాకేటైనాది?" అన్నాడు నెమ్మదిగా.

"ఏటీ అవనేదు నాయినా. ఏటైనా మేవున్నాం కదా."

"ఏటి అవుతాదని?"

"ఏటీ అవదు. నివ్వు కూకో. నిలబడకు."

ధనరాజ్ కూర్చున్నాడు. కూర్చుని ఆలోచించాడు. తనకేదో పెద్ద ఆపద వచ్చింది, అందరికీ తెలుసు, తనకొక్కడికే తెలియదు. దుకాణం తాళం వేశాడా? వేశాడు. భార్య బాగానే ఉందా? పొద్దున మాట్లాడింది. అప్పుడు గుర్తుకొచ్చింది, కిందటి నెల చర్చి ఆవరణలో వైద్య శిబిరం పెట్టినప్పుడు తన రక్తం తీసుకున్నారు. ఆ సంగతి ఏమైందో ఎవరూ చెప్పలేదు. చెప్పడం లేదంటే చెప్పేలా లేదన్నమాట. అలా అనుకోగానే కుడిపక్క డొక్కలో నొప్పి మొదలైంది.

అతను డొక్క పట్టుకోవడం బుల్లమ్మ చూసింది. తక్కిన ఆడవాళ్ళ వైపు తిరిగి కళ్ళతోనే, నేను చెప్పలేదా అన్నట్టు చూసింది. పెరట్లోకి వెళ్ళి రాజాం ఫోను చేసింది.

"అమ్మా కుసుమా, తిరిగొచ్చీ తల్లీ. మొగోడన్నాక తప్పు సేస్తాడు. ఇలాటప్పుడు ఒగ్గీకూడదు."

"ఏటి తప్పు పిన్నీ?"

"నాను సెప్పకూడదమ్మా. నీకు తెలిసిందే కదా."

కుసుమకుమారికి ఏమీ తెలియదు. వెంటనే మొగుడికి ఫోను చేసింది. "సర్చికి ఎల్తన్నానని సెప్పినావు. ఏటి సేసినావు?"

"ఏటి సేసినానో నాకు తెలీదే" అన్నాడు ధనరాజ్ డొక్క నొక్కుకుంటూ. ఆ మాట నిజం.

"తెలీకుండా సేసినావా?" అని ఆమె ఫోను పెట్టేసి, చెల్లెలి పథ్యం ఇంట్లోవాళ్ళకి అప్పజెప్పి, బస్టాండుకి పరుగెత్తింది.

ఇంటి ముందు చెప్పులు పెరిగిపోయాయి. చాపలు పరిచారు. ఒకరు పాట ఎత్తుకున్నారు. గోడవతల ఇంటి దేముడమ్మ ఇదంతా చూసి, పెద్ద గిన్నెతో టీ పెట్టి పట్టుకొచ్చింది. వాళ్ళది వ్యవసాయం, చర్చితో సంబంధం లేదు. అయినా పొరుగింట్లో ఇంతమంది చేరితే చూస్తూ ఊరుకునే మనిషి కాదు.

"నాను అప్పుడే అనుకున్నాను" అంది గ్లాసులు అందిస్తూ. "ఈ మజ్జిన ఇంట్లో డోలక్ సప్పుడు నేదు. ఆ సప్పుడు యినకపోతే మా గేదె పాలు సేపదు. మూడ్రోజుల్నుండి తన్నుతన్నాది."

డోలక్ అమ్మేశాడన్న మాటకి గేదె కూడా సాక్ష్యం పలికినట్టయింది. ధనరాజ్ కూడా అందరితోపాటు బరువుగా నిట్టూర్చాడు.

చివరికి పాస్టరు గిరిబాబుగారు వచ్చారు. మధ్యాహ్నం భోజనం చేస్తుంటే ఎవరో ఫోను చేస్తే, చెయ్యి కడుక్కుని వచ్చారు. వాకిట్లో సంఘమంతా కనబడేసరికి ఆయన తికమకపడ్డారు. తన చెవిలో కష్టం చెప్పుకున్న మనిషి ధనరాజ్ కాదు. ఆ మాట పైకి అంటే, మరి ఎవరని అడుగుతారు. కాబట్టి ధనరాజ్‌కి వేరే ఆపద ఏదో ముంచుకొచ్చిందని నిశ్చయించుకున్నారు. అతన్ని పక్కకి తీసుకెళ్ళి, "ధనరాజ్‌గారూ, మీ కష్టం నాతో చెప్పండి" అన్నారు.

"నాను మిమ్మల్నే అడుగుదావనుకుంటన్నాను అయ్యగారూ. నా కష్టం ఏటి?"

"మీ కష్టం మీకు తెలియదా?"

"అందరికీ తెలుసు. నాకే సెప్పటం నేదు."

పాస్టరుగారు అతని తల మీద చెయ్యి వేసి కళ్ళు మూసుకున్నారు. ఆయన ప్రార్థన ఎంతకీ ముగియకపోవడం ధనరాజ్ గమనించాడు. దాంతో మిగిలిన ధైర్యం కూడా పోయింది.

సోములు ఈలోగా జగన్నాధానికి కూడా ఫోను చేసి సంగతి చెప్పి, ఒక ఆటో మాట్లాడి తెచ్చాడు. విజయనగరం పెద్దాసుపత్రికి తీసుకెళ్ళడమే మంచిదన్నాడు. వంటింట్లో ఆడవాళ్ళు బియ్యం మూట విప్పి అన్నం వండేశారు, ధనరాజ్ కొనుక్కున్న కోడిలో ఇంటింటి నుంచీ తెచ్చిన బంగాళాదుంపలూ కలిపి వాకిలంతటికీ సరిపడా కూర చేశారు. ధనరాజ్‌కి తువ్వాలు చుట్టి, ఇద్దరు చెరో రెక్కా పట్టుకుని ఆటో దగ్గరికి నడిపించారు. అతను ఎదురు చెప్పలేదు. ఇంతమంది ఒక్కమాట మీద ఉన్నారంటే రోగం ఉండే ఉంటుంది.

అప్పుడే బస్సు దిగి కుసుమకుమారి వచ్చింది. చేతిలో సంచీ, ముఖం నిండా చెమట.

"ఎవరది?" అని అడిగింది ముందుగా.

"ఎవరు?" అన్నాడు ధనరాజ్ ఆటోలో ఒక కాలు పెట్టి.

"నాకు తెలీదనుకుంటన్నావా?"

"నీకూ తెలుసా? అయితే నివ్వైనా సెప్పే!"

వాళ్ళిద్దరూ ఒకరినొకరు అడుగుతుండగానే వీధి చివర నుంచి ఒక స్కూటరు అడ్డదిడ్డంగా వచ్చి, ఆటో ముందు ఆగింది. దాని మీద జగన్నాధం. చొక్కా తిరగేసి వేసుకున్నాడు. ఒక కాలికి చెప్పు, ఇంకో కాలికి బూటు. స్కూటరుకి స్టాండు కూడా వెయ్యకుండా వదిలేసి వచ్చాడు, అది పక్కకి పడిపోయింది.

"బావా! నా మీద కోపంతో డోలక్ అమ్మీసినావా?"

కష్టం మాట ఎత్తకూడదన్న కట్టుబాటుని తెంచిన మొదటి మనిషి ఇతనే.

"ఎవులమ్మినారు? మంచం కింద ఉన్నాది" అన్నాడు ధనరాజ్.

"మరి నీ ఒంట్లో..."

"ఏటైనాదో తెలీదు. ఆసుపత్రికి తీసుకెల్తన్నారు."

"కుసుమమ్మ నిన్ను ఒగ్గీసి..."

"నానెప్పుడు ఒగ్గీసినాను?" అంది కుసుమకుమారి. "సెల్లికి పురుడోయడానికెల్తే ఒగ్గీసినట్టా? ఆ మాట అన్నోలెవులో ముందుకు రండి."

ముందుకు ఎవరూ రాలేదు. బుల్లమ్మ సోములు వైపు చూసింది. సోములు పాస్టరుగారి వైపు చూశాడు. "అయ్యగారూ, మరి నిద్దర్లేని సహోదరుడు, అన్నం సయించని సహోదరుడు..."

పాస్టరుగారు నేల చూపులు చూస్తున్నారు. జగన్నాధమే గొంతు సవరించుకున్నాడు.

"అది నానే" అన్నాడు. "గురువారం నోరు జారినాను. ఆ కాణ్ణుండి కునుకు నేదు. పెద్దోణ్ణి, ముందు నానెలా ఎల్లేదని ఊరుకున్నాను. పొద్దున పాట ఎత్తుకుంటే ఎక్కడ అందుకోవాలో తెలీనేదు, పక్క సాప కాళీగా ఉన్నాది. అందుకే పాట అవగానే అయ్యగారికి సెప్పుకున్నాను."

"మరి మేం ఫోను సేసినప్పుడు నానే అని సెప్పొచ్చు కదా?" అన్నాడు సోములు.

"మీరేటి సెప్పినారు? ఒక సహోదరుడికి నిద్దర్లేదు, తిండి నేదు, ఒంట్లో రోగం, పెల్లాం ఎల్లిపోనాది, డోలక్ అమ్ముకున్నాడు, కత్తి పట్టుకున్నాడు అన్నారు. నాకన్నా కష్టపడిపోతన్నోడు ఇంకోడున్నాడనుకున్నాను. అందులో ముందు రెండూ నావేనని నాకు తట్టనేదు. పరిగెట్టుకొచ్చీసినాను."

ధనరాజ్ ఆటోలోంచి కాలు దించాడు. డొక్కలో నొప్పి ఎప్పుడు పోయిందో అతనికే తెలియలేదు. తన కోసం బూటూ చెప్పూ కలిపి వేసుకుని వచ్చిన మనిషిని చూస్తుంటే మళ్ళీ కళ్ళ నిండా నీళ్ళు వచ్చాయి, ఈసారి ఉల్లిపాయలు లేవు. పొద్దున ఫోనులో విన్న మాట గుర్తుకొచ్చింది. చెయ్యి చాపి జగన్నాధం చెయ్యి పట్టుకుని, "వందనాలు బావా" అన్నాడు.

"వందనాలు బావా" అన్నాడు జగన్నాధం. ఇద్దరూ ముక్కులు తుడుచుకున్నారు. తెల్లచీరలన్నీ కొంగులు ఎత్తుకున్నాయి.

సోములు మాత్రం సంఘపెద్ద. ఏ పనీ సగంలో వదలడు. లోపలికి వెళ్ళి, బ్రెడ్డు పొట్లం, నాలుగు యాపిల్ పళ్ళు పట్టుకొచ్చి జగన్నాధం చేతిలో పెట్టాడు. "కష్టం నీది కాబట్టి ఇయ్యి నీయి" అన్నాడు.

"మరి బియ్యం?" అంది బుల్లమ్మ. "అయి వండీసినాం."

"నాను బాలింతని ఒగ్గీసి వచ్చినాను, నాకెవరు సమాధానం సెప్తారు?" అంది కుసుమకుమారి. ఆమెని చాప మీద కూర్చోబెట్టి ముందుగా ఆమెకే వడ్డించారు. ఆటో అతను కూడా కూర్చున్నాడు. దేముడమ్మ పచ్చడి తెచ్చింది. ఒక మనిషికని కొన్న కోడి అంతమందికి ఎలా సరిపోయిందో ధనరాజ్‌కి ఇప్పటికీ అర్థం కాదు, ఎక్కువ దుంపలే తిన్నామని మిగతావాళ్ళు అంటారు.

జగన్నాధం మాత్రం రెండుసార్లు అన్నం అడిగి పెట్టించుకున్నాడు. మనవి ఆలకించబడినట్టేనని పాస్టరుగారు తలూపి, ఇకమీదట ఎవరైనా కష్టం చెప్పుకోదలిస్తే పేరుతో సహా చెప్పుకుంటే మంచిదని ప్రకటించారు. అందరూ ఒప్పుకున్నారు. వెంటనే, ఈసారి ఆ పేరు ఎవరిదవుతుందోనని ఒకరినొకరు ఒక కంట చూసుకున్నారు.

భోజనాలయ్యాక మంచం కింద నుంచి డోలక్ బయటికి వచ్చింది. వార్షికోత్సవం పాట ఒకసారి అనుకుందామన్నాడు జగన్నాధం. ధనరాజ్ మొదటి దెబ్బ వెయ్యగానే గోడవతల గేదె అరిచింది. దేముడమ్మ చెంబు పట్టుకుని ఇంటికి పరుగెత్తింది. పాట నడిచింది. ఆఖరి చరణానికి ధనరాజ్ ముందు చేరిపోయాడు, జగన్నాధం ఇంకా వెనకే ఉన్నాడు, మధ్యలో ఉన్న సంఘం ఎవరితో వెళ్ళాలో తెలియక ఎప్పటిలాగే రెండుసార్లు ఆమెన్ చెప్పింది.